అళియ రామరాయలు: కల్యాణి కల

గతించిన మహావైభవమును మరల నెలకొల్పుట సాధ్యమా? ప్రాచీన రోము ప్రాభవమును పునరుద్ధరింపబూనిన కోలా ది రియెంజో 1347లో ఆ నగరాధికారమును చేపట్టి, కొలది మాసములకే దానిని గోల్పోయెను. 1354లో ఆ పురజనులచేతనే హతుడయ్యెను. మన దక్షిణాపథమున అట్టి సంకల్పము పూనినవాడు అళియ రామరాయలు.

ఆరవీటి వంశజుడగు రామరాయలు 1512లో గోలకొండ సుల్తాను కులీ కుతుబ్‌షా కొలువున జేరెను. నేడు హైటెక్ సిటీ మేడలు నిలిచిన తావునకు ఆ దుర్గము కొలది మైళ్ళ దూరముననే యున్నది. 1515లో బిజాపురపు సేనలు తన సీమపై బడగా ఆయన గోలకొండకు మరలి వచ్చెను. సుల్తాను కినిసి కొలువునుండి తొలగించెను. పిమ్మట విజయనగరమున కృష్ణదేవరాయలకు అల్లుడయ్యెను. అళియ యను కన్నడ పదమునకు అర్థమదియే. 1542లో అచ్యుతరాయలు గతించిన పిదప సదాశివరాయలను సింహాసన మెక్కించి, అధికారమంతయు తానే వహించెను.

పట్టాభిషిక్తుడు గానివానికి ప్రతిష్ఠ యవసరము. బిల్హణుడు, విజ్ఞానేశ్వరుడు వెలసిన కల్యాణి చాళుక్యుల రాజ్యము అప్పటికి మూడు శతాబ్దములకు పూర్వమే యంతరించినను, దాని పేరు మాత్రము మాయలేదు. రామరాయలు చాళుక్య చక్రవర్తి బిరుదమును ధరించెను. కల్యాణి దుర్గము నిమిత్తమై పలుమారులు సేనలను నడిపెను. విజయనగరమందలి నల్లరాతి మెట్ల కోనేరు సయితము చాళుక్యుల నాటి కట్టడమును విప్పి తెచ్చి కూర్చినదని చరిత్ర పండితుల యభిప్రాయము.

అయిన నేమి? రాళ్ళు వచ్చినవి, బిరుదము వచ్చినది. ఆ కాలము మాత్రము మరలి రాలేదు. సుల్తానులలో నొకరిపై నొకరిని బురికొల్పి నడపిన రాజనీతి తుదకు వారినందరిని ఏకము చేసెను. 1543 మొదలు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొందిన ఇబ్రహీం కుతుబ్‌షా యును వారితో గలిసెను. 1565 జనవరి 23న వృద్ధుడగు రామరాయలు రణరంగమున పట్టువడి శిరచ్ఛేదము పొందెను, నగరము పాడువడెను.

అయినను ఆయన ప్రోత్సాహమున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి నేటికిని నిలిచియున్నది. ప్రాచీన సంగీతశాస్త్రమును ఉన్నదున్నట్లు పునరుద్ధరింపక, తన నాటి గాయకుల వాడుకతో సమన్వయించి, రాగములను ఇరువది మేళములుగా విభజించిన గ్రంథమది. పూర్వవైభవమును యథాతథముగా నిలుపజూచిన యత్నము కూలినది. నేటి యవసరమునకు పనికివచ్చునట్లు మలచినది నిలిచినది. పాత గ్రంథములను భద్రపరచు మన గ్రంథాలయమునకు ఈ వివేకమే శరణ్యము.