విద్వాన్ విశ్వం: పెన్నేటి గట్టు నుంచి ఎడిటర్ కుర్చీ దాకా.. 1959లో ఏం జరిగింది?

రాయలసీమ కరువు గురించి ఎవరు మాట్లాడినా ‘పెన్నేటి పాట’ పేరు రాక మానదు. ఆ కావ్యం రాసింది అనంతపురం బిడ్డ విద్వాన్ విశ్వం. కవిగా ఆయన అందరికీ తెలుసు. కానీ నెల జీతం మీద బతికిన పాత్రికేయుడిగా ఆయన చూసిన ఒక గడ్డుకాలం గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఉద్యోగం వదిలి బయటికొచ్చే మనిషికి చట్టం అండ ఉండాలా వద్దా అన్న ప్రశ్న దేశంలో గట్టిగా నలిగిన రోజులవి.

కరువు సీమలో పుట్టి..

విశ్వం అసలు పేరు మీసరగండం విశ్వరూపాచారి. 1915 అక్టోబరు 21న అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టారు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్తా అదనుకు పడకపోతే చేను ఎండుతుంది. ఇంటికి తాళం పడుతుంది. ఊరు వదిలి వెళ్లేవాళ్లు ఎవరూ ఇష్టపడి వెళ్లరు, ఉండటానికి దారి లేక వెళ్తారు. ఈ తేడా విశ్వానికి చిన్నప్పుడే తెలుసు.

సంస్కృతం, తెలుగు చదివి విద్వాన్ పట్టా తెచ్చుకున్నారు. అదే ఆయన పేరులో భాగమైపోయింది. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిది కూడా ఈ ఊరే. ఇద్దరూ కలిసి పనిచేశారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో విశ్వం జైలుకు కూడా వెళ్లొచ్చారు.

పత్రికే ఉపాధి

అనంతపురంలో పప్పూరు రామాచార్యులు నడిపిన ‘శ్రీ సాధన’ పత్రికలో విశ్వం పనిచేశారు. తర్వాత హైదరాబాద్‌లో అడవి బాపిరాజు సంపాదకత్వంలోని ‘మీజాన్’లో చేరారు. అక్కడి నుంచి విజయవాడ, ఆ తర్వాత మద్రాసు. అప్పట్లో తెలుగు పత్రికలకు మద్రాసే పెద్ద దిక్కు. 1938లో అక్కడ మొదలైన ‘ఆంధ్రప్రభ’కు నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడు. 1952లో ఆ సంస్థ వారపత్రిక పెట్టినప్పుడు ఆ బాధ్యత విశ్వం చేతికొచ్చింది.

‘పెన్నేటి పాట’ ఈ 1950ల్లోనే వచ్చింది. రంగన్న, గంగమ్మ అనే పేద జంట బతుకు మీదుగా ఎండిపోయిన పెన్న కథ చెప్పారాయన. ఉన్నది మద్రాసులో, మనసంతా అనంతపురంలో!

1955 చట్టం.. 1958 తీర్పు

అప్పట్లో పత్రికల్లో ఉద్యోగ భద్రత అంతంత మాత్రమే. పార్లమెంటు 1955లో వర్కింగ్ జర్నలిస్టుల చట్టం తెచ్చింది. పని గంటలు, సెలవులు, నోటీసు, గ్రాట్యుటీ అన్నీ అందులో పెట్టారు. అందులో ఒక కొత్త నిబంధన కూడా ఉంది. మూడేళ్లు పనిచేసిన జర్నలిస్టు తనంతట తాను రాజీనామా చేసినా, సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి.

యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో 1958 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో చాలా భాగాన్ని నిలబెట్టింది. కానీ పత్రికల చెల్లింపు శక్తిని లెక్కలోకి తీసుకోలేదంటూ వేజ్ బోర్డు నిర్ణయాన్ని పక్కన పెట్టింది. మూడేళ్లకే రాజీనామా గ్రాట్యుటీ అన్న నిబంధనను కూడా కొట్టేసింది. ఇష్టపడి వెళ్లేవాళ్లకు అలా ఇవ్వాలనడం యజమానిపై మోయలేని భారమని కోర్టు భావించింది.

రోడ్డున పడ్డ రోజులు

ఏడాది తిరగ్గానే, 1959 ఏప్రిల్‌లో, మద్రాసు ఎక్స్‌ప్రెస్ సంస్థలో సమ్మె మొదలైంది. ఆంధ్రప్రభ ప్రచురణను విజయవాడకు, వేరే కంపెనీ కిందకు మార్చడం ప్రధాన వివాదం. యాజమాన్యం మద్రాసులో పత్రికల్ని ఆపేసింది. ఇది వ్యాపారాన్ని నిజంగా మూసేయడమా, లేక మూసివేత పేరుతో చేసిన లాకౌటా? ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముందు పారిశ్రామిక ట్రైబ్యునలే తేల్చాలని 1962లో కోర్టు చెప్పింది. అంటే సమ్మె జరిగిన మూడేళ్లకి కూడా అసలు విషయం తేలలేదు.

కోర్టులో వాయిదాలు పడుతుంటాయి, ఇంట్లో పొయ్యి మాత్రం ఆగదు. నార్ల బయటికొచ్చారు, విశ్వం కూడా బయటికొచ్చారు. 1960లో విజయవాడలో నార్ల సంపాదకత్వంలో ‘ఆంధ్రజ్యోతి’ మొదలైంది. విశ్వం అక్కడ పనిచేశారు. తర్వాత మళ్లీ ఆంధ్రప్రభ వారపత్రికకే సంపాదకుడిగా తిరిగొచ్చి ఏళ్ల తరబడి నడిపారు. ‘మాణిక్యవీణ’ శీర్షికతో పాఠకులకు మరింత దగ్గరయ్యారు. పేరున్న కలాలు కాబట్టి వాళ్లకు దారి దొరికింది. పేరు లేని ప్రూఫ్ రీడర్ సంగతి, సబ్ ఎడిటర్ సంగతి అలా కాదు.

మనస్సాక్షి పేరుతో..

1962లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. పదేళ్లు పనిచేసినవాళ్లు ఏ కారణంతో రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాలి. మనస్సాక్షి ఒప్పుకోక వెళ్లిపోతే మూడేళ్లు చాలు. రాయలేనిది రాయమంటే జర్నలిస్టు లేచి వెళ్లిపోగలగాలన్నది దీని ఉద్దేశం. కానీ ఇది 1961 జులై 1 తర్వాతి రాజీనామాలకే వర్తించింది. 1958 తీర్పుకీ ఈ తేదీకీ మధ్య రాజీనామా చేసినవాళ్లకు ఆ అండ లేదు. విశ్వం లాంటివాళ్లు మద్రాసు వదిలింది సరిగ్గా ఆ మధ్య కాలంలోనే.

తరిమెల నాగిరెడ్డి 1969లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేస్తే అది చరిత్ర అయింది. ఉద్యోగి రాజీనామా చరిత్రకెక్కదు. ఆ ఇంట్లో వచ్చే నెల జీతం ఆగిపోతుంది, అంతే.

ఇప్పటికీ అదే ప్రశ్న

విశ్వం 1987 అక్టోబరు 19న కన్నుమూశారు. అనంతపురం కుర్రాళ్లు ఇప్పుడు ఉద్యోగాల కోసం బెంగళూరు రైలెక్కుతున్నారు. పొమ్మనకుండా పొగబెట్టి, రాజీనామా లెటర్ మీద సంతకం పెట్టమనే పరిస్థితి వాళ్లలో ఎవరికైనా రావచ్చు. యాజమాన్యం తీసేస్తే చట్టం కిందకొచ్చే కార్మికుడికి నోటీసు, పరిహారం ఇవ్వాలి. తనంతట తానే వెళ్తున్నానని రాసిస్తే ఆ పరిహారం ఉండదు. ఒత్తిడంతా ఆ కాగితం కోసమే.

అయితే బలవంతంగా తీసుకున్న రాజీనామా స్వచ్ఛందం కాదు. అది రుజువైతే తొలగింపు కిందే లెక్క. అందుకే తొందరపడి సంతకం పెట్టొద్దు. ఒత్తిడి తెచ్చిన మెయిళ్లు, మెసేజ్‌లు దాచుకోవాలి. సంతకం పెట్టేసినా, అది అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకుంటున్నట్టు వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాలి.

ఇష్టపడి వెళ్లడం వేరు, దారి లేక వెళ్లడం వేరు. పెన్న ఒడ్డున ఊళ్లు ఖాళీ అవుతుంటే విశ్వం చూసిన తేడా ఇదే. ఆఫీసు గుమ్మం దగ్గర కూడా ఆ తేడానే చూడాలి.