ఎమీ జాన్సన్ - రెండో లైసెన్సు

మా వినగడపలో ఆయిలింజను హ్యాండిలు తిప్పినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఇంజను ఎదురుతంతే మణికట్టు విరుగుతుంది. బొటనవేలు చుట్టి పట్టుకోవద్దని మా నాన్న నేర్పాడు. ఎమీ జాన్సన్ జీవితం చదువుతుంటే నాకు ఆ హ్యాండిలే గుర్తొచ్చింది.

ఎమీ 1903 జూలై 1న ఇంగ్లండులోని హల్ పట్టణంలో, చేపల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టింది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివి, లండనులో లాయర్ల ఆఫీసులో టైపిస్టుగా చేరింది. (మన సీనియర్లలో ఇలాంటివాళ్లు ఎంతమంది లేరు!) అక్కడే విమానం నడపడం నేర్చుకుని 1929లో పైలట్ లైసెన్సు పొందింది. అంతటితో ఊరుకోలేదు. షెడ్డులో మెకానిక్కుల పక్కన చేతులకు గ్రీజు అంటించుకుని పని నేర్చింది. అదే ఏడాది గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా తెచ్చుకుంది. బ్రిటనులో అది పొందిన మొదటి మహిళ ఆమే.

ఈ రెండో లైసెన్సే నాకు గొప్పగా తోస్తుంది. ఆమె నడిపిన జిప్సీ మాత్ లాంటి చిన్న విమానాల పంకాను చేత్తో తిప్పి ఇంజను స్టార్టు చేసేవారు. ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టాలి. స్విచ్చి ఆపి, పంకా తిప్పి, ఇంజనులోకి పెట్రోలు పీల్చనివ్వాలి. ఆ తర్వాత స్విచ్చి వేసి, పంకాను ఒక్క లాగు లాగి, వెంటనే వెనక్కి తప్పుకోవాలి. కాలు జారి ముందుకు తూలితే చెయ్యో తలో పోతుంది. థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉంటే పైలట్ లేకుండానే విమానం పరుగెత్తుతుంది. అన్నిటికన్నా మోసం చేసేది మాగ్నెటో. అది బ్యాటరీ లేకుండా కరెంటు పుట్టిస్తుంది. స్విచ్చి ఆపడమంటే ఆ కరెంటును ఎర్తు చేయడమే. ఆ వైరు తెగితే స్విచ్చి ఆపి ఉన్నా, పంకా కదిపితే ఇంజను అంటుకోవచ్చు. అందుకే ఆగి ఉన్న పంకానూ నమ్మకూడదు.

1930 మే 5న ఎమీ తన విమానం జేసన్‌లో క్రోయ్డన్ నుంచి ఒంటరిగా ఆస్ట్రేలియా బయలుదేరింది. విమానానికి ఇంకో పంకా కట్టుకుని మరీ వెళ్లింది. కరాచీ, ఝాన్సీ, కలకత్తా దాటి, రంగూను దగ్గర ఇన్‌సీన్‌లో ఒక టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మైదానంలో దిగింది. విమానం గుంటలో పడి పంకా విరిగింది, రెక్క దెబ్బతింది. కట్టుకెళ్లిన పంకా అక్కడ అక్కరకొచ్చింది. ఆ కాలేజీవాళ్లే రెక్క బాగుచేయడానికి సాయపడ్డారు. (అదే నెలాఖరులో రంగూనులో మన తెలుగు రేవు కూలీలపై దాడులు జరిగాయి. అది వేరే రాయాల్సిన కథ.) మే 24న డార్విన్ చేరింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ అయింది. దారిలో రోజులు పోవడంతో హింక్లర్ రికార్డు మాత్రం దక్కలేదు.

యుద్ధం వచ్చాక సైన్యం విమానాలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పనిలో చేరింది. 1941 జనవరి 5న థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పారాచూట్‌తో చలినీళ్లలో పడింది. ఆమెను కాపాడాలని దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా చనిపోయాడు. ఎమీ శవం దొరకలేదు. అప్పటికి ఆమె వయసు 37.