మూసా రహీం – మూసా రాం

పరదేశమునుండి వచ్చి ఈ నేలలో కలిసిపోయిన ఒక యోధుని జీవితమును విద్యార్థి లోకమునకు పరిచయము చేయ సంకల్పించినాము.

రేమాండ్ 1755లో ఫ్రాన్సు దేశపు గాస్కనీలో జన్మించినాడు. 1775లో వర్తకమునకై పుదుచ్చేరి చేరి, కత్తి పట్టినాడు. మైసూరు పక్షమున, పిదప సేనాని బుస్సీ క్రింద పోరాడినాడు. 1786లో నిజాం అలీఖాన్ కొలువున చేరినాడు. కొలదిమందితో ఆరంభమైన ఆయన దళము వేల సంఖ్యకు పెరిగినది. హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పినాడు. గన్‌ఫౌండ్రీ అను పేరు నేటికిని దానినే స్మరింపజేయుచున్నది. 1795లో ఖర్దా యుద్ధమున నిజాం ఓడినను, ఆయన పటాలములు ధైర్యముగా నిలిచినవి. ఆ ఏడే అలీజా తిరుగుబాటును అణచినాడు.

1798 మార్చిలో రేమాండ్ మరణించినాడు. అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన సేనను నిరాయుధము చేసిరి. కుంపిణీకి ఎదురులేకపోయినది. 1800 సంధితో నిజాం తుంగభద్రకు దక్షిణమున ఆదోని సీమను వారికి దత్తము చేసినాడు. ఆ విధముగా మన కౌతాళము చరిత్రకును ఆ మరణమునకును సంబంధమున్నది.

సరూర్‌నగర్ చేరువన గుట్టపై ఆయన సమాధి, సుమారు 7 మీటర్ల రాతిస్తంభము, నిలిచియున్నది. ‘మోసియే రేమాండ్’ అను పిలుపు జనుల నోట మారి, ముస్లిములకు మూసా రహీం, హిందువులకు మూసా రాం అయినది. ఏటేటా వర్ధంతినాడు ఉభయులును అచట దీపములు వెలిగించెడివారు. క్రైస్తవుడై పుట్టిన పరదేశిని రెండు మతములవారు తమవానిగా చేసికొనిరి. సేన చెదరినది, ఆ ఆదరము నిలిచినది.

విద్యార్థులు హైదరాబాదుకేగినపుడు ఆ గుట్టను దర్శింపవలెనని మా కోరిక.