గిడుగు రామమూర్తి పంతులు

జగిత్యాల జిల్లాలోని కొండగట్టుమీద ఆంజనేయస్వామి వెలసియున్నాడు. హనుమజ్జయంతికి దీక్ష వహించిన భక్తులు వేలకొలదిగా ఆ కొండ యెక్కుదురు. కొండ క్రింది పల్లెలోని బాలు డొకడు చెల్లెలిని వెంటబెట్టుకొని ఆ జాతరకు పోయెననుకొందము. మెట్లమీద కోతి యొకటి చెల్లెలి చేతిలోని కొబ్బరిచిప్పను లాగుకొని చెట్టెక్కినది. పిల్ల గుక్కపట్టి యేడ్చినది. బాలుడు తన చిప్పను ఆమె కిచ్చి యూరడించెను. మరునాడు బడిలో ఉపాధ్యాయుడు జాతరనుగూర్చి వ్యాసము వ్రాయుమనెను. బాలుని కాగితముమీద కోతియు లేదు, చెల్లెలును లేదు. పర్వతము రమణీయమై యొప్పుచున్నదనియు, భక్తశిఖామణులు ఆనందపరవశులైరనియు పుస్తకములలోని మాటలే యున్నవి. అందు తప్పు లొక్కటియు లేకపోవచ్చును. కాని ఆ వ్యాసము వ్రాయుటకు వాడు కొండ యెక్కవలసిన పనియే లేదు.

బాలురచేత ఇట్టి వ్రాతలు వ్రాయించుట తగదని ముప్పది యేండ్లకు పైగా వాదించిన ఉపాధ్యాయు డొకరు తెలుగునేలకు మరియొక కొసను, ఒరిస్సా సరిహద్దున నుండిరి. వారే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. పండ్రెండవ యేటనే తండ్రి గతించెను. విజయనగరము మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచట వారి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులైరి. వారు బోధించినది చరిత్ర. భాషా పండితులకు లేని యొక అలవాటు వారికి చరిత్రమువలననే అబ్బియుండును: ఏ మాటకైనను సాక్ష్యము చూపవలెనని కోరుట.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. నాడు వారి భాషకు లిపి లేకుండెను, పుస్తకము లేకుండెను. సవర బాలుడు బడికి పోవలెనన్న ముందుగా పరాయి భాష నేర్వవలసియుండెను. రామమూర్తిగారు తెలుగు తెలిసిన సవర నొకని సాయమున ఆ భాషను నేర్చుకొనిరి. ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరి. తమ సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతము లిచ్చిరి. ఆ అడవులలో తిరుగుటవలన మలేరియా జ్వరము పట్టెను. దానికై మింగిన క్వినైనువలన చెవులు చెడెను. పరుల పలుకును వినుటయే పనిగా పెట్టుకొన్న మనుష్యునకు ఇట్టి కష్టము రావలసినదా! అయినను వారు ఆ పని మానలేదు. 1913లో ప్రభుత్వము వారికి రావుబహదూరు బిరుద మిచ్చెను.

1907 ప్రాంతమున యేట్సు అను ఆంగ్లేయుడు పాఠశాలల పరీక్షాధికారిగా నుండెను. జనులు మాటాడు తెలుగునకును, బడిలో నేర్పు తెలుగునకును ఇంత దూర మేల యని ఆయనకు సందేహము కలిగెను. ఆ ప్రశ్న రామమూర్తిగారిని కదిలించెను. సవర పిల్లలకు తాము తొలగింపజూచిన కష్టమే తెలుగు పిల్లలకును కలదుగదా! నాటి బడులలో చిన్నయసూరి నీతిచంద్రిక వచనమే ఆదర్శము. బాలుడు వచ్చాను అని తలచి, వచ్చితిని అని మార్చి వ్రాయవలెను. అట్లు ప్రతి మాటను మార్చుటలో బుద్ధి యంతయు వ్యయమై, చెప్పదలచిన సంగతి చేజారిపోవుచుండెను.

స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును వ్యావహారికమునను వ్రాయవచ్చునని కొంతకాలము అనుమతి లభించెను. జయంతి రామయ్య పంతులుగారు మొదలైన పెద్దలు దీనిని ఎదిరించిరి. వారి భయము అకారణమైనది కాదు. నోటిమాట జిల్లా జిల్లాకు మారుచుండును. దానినే వ్రాసినచో ప్రాచీన కవులతోడి సంబంధము తెగిపోవునని వారి వాదము. 1914లో ప్రభుత్వము ఆ అనుమతిని రద్దుచేసెను. మరుసటి యేడు గురజాడవారు కన్నుమూసిరి.

రామమూర్తిగారు వెనుదీయలేదు. 1911లోనే ఉద్యోగము విరమించియున్నందున వారికి ఇక ఇదియే పనియయ్యెను. 1919లో తెలుగు అను మాసపత్రిక పెట్టిరి. ఊరూర సభలలో మాటాడిరి. వారి పద్ధతి విచిత్రమైనది. గ్రాంథికమే శుద్ధమను పండితుల పుస్తకములనే తెరచి, వారి వ్యాకరణము ప్రకారమే అందలి తప్పులను వరుసగా చూపెడివారు. పెద్దలకే చేతకాని భాషను పిల్లలపై మోపుట న్యాయమా యని అడిగెడివారు. ఈ పాఠమును వారు చదివియుండినచో ఇందును కొన్ని తప్పులకు గీతలు గీచియుందురు!

అయితే వారు కోరినది చదువుకొన్నవారు మాటాడు శిష్టవ్యావహారికము. కొండగట్టు బాలుడు ఇంటిలో వచ్చిన అనును. శిష్టవ్యావహారికమున వాడు వచ్చాను అని వ్రాయవలెను. దూరము తగ్గినదే గాని తీరలేదు. ఆ మిగిలిన దూరమునుగూర్చి తరువాతి కాలమున గట్టిగా ప్రశ్నించినవారు ఓరుగల్లు ప్రజాకవి కాళోజీ నారాయణరావుగారు. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవము. గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవము. రెండింటికిని నడుమ పదిదినములే యున్నవి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేర్చబడగా, రామమూర్తిగారు అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి వారికి డెబ్బదిరెండేండ్లు. సవర భాషకు వారు కూర్చిన వ్యాకరణము 1931లో వెలువడియుండెను. నిఘంటువు 1938లో వెలువడెను. 1940 జనవరిలో మద్రాసున పత్రికాసంపాదకులను కలిసికొని, జనుల భాషలో వ్రాయుడని మరియొకమారు వేడుకొనిరి. ఆ నెల 22వ తేదీన అచ్చటనే తనువు చాలించిరి.