థామస్ ఆల్వా ఎడిసన్ – చిత్రమునకు గొంతుక నీయఁబూనిన యత్నము

విద్యుద్దీపమును జూచినపుడెల్ల మన బాలురు ఎడిసన్ మహాశయుని స్మరింతురు. ఆయన విజయములు పాఠ్యపుస్తకములయందు గలవు. ఆయన యపజయ మొకటి మన విద్యార్థులకు అంతకంటె నెక్కువ బోధింపఁగలదని తలఁచి, దానినే యిచ్చట వ్రాయుచున్నాము.

ఎడిసన్ 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందు, మిలాన్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన బడికిఁ బోయినది కొలఁదికాలమే. పూర్వము ఉపాధ్యాయినిగా నుండిన తల్లి నాన్సీ యింటనే చదువు చెప్పెను. బాల్యముననే ఆయనకు చెవుడు ప్రాప్తించెను. రైలుబండిలో వార్తాపత్రికల నమ్మియు, పిమ్మట తంతి యాఫీసులలోఁ బనిచేసియు జీవించెను. ఇట్టి చెవిటివాఁడే 1877లో మానవకంఠమును పట్టి మరల వినిపించు మొదటి ఫోనోగ్రాఫును నిర్మించెను. ఇది దైవకృపయే యని మేము తలంతుము.

ఫోనోగ్రాఫు చెవికిఁ జేసిన యుపకారమును కంటికిఁ జేయు యంత్రమును నిర్మింపవలెనని 1888లో ఆయన సంకల్పించెను. వెస్ట్ ఆరెంజి ప్రయోగశాలలో ఆ పనిని డిక్సన్ అను సహాయకుని కప్పగించెను. 1894లో కినెటోస్కోపు అను పెట్టె ప్రజలయెదుటకు వచ్చెను. ఒక్కొక్కరు వంగి, దాని రంధ్రమునుండి కదలు బొమ్మలను జూచెడివారు. ఈ కీర్తిలో డిక్సనునకు గొప్ప భాగము గలదని చెప్పుట న్యాయము.

ఇఁక రెంటిని గలుపుటయే మిగిలెను. 1894-95 ప్రాంతమున డిక్సన్ ఒక పెద్ద గరాటువంటి కొమ్ము నెదుట నిలిచి ఫిడేలు వాయింపఁగా, ఇద్దరు మనుష్యులు నాట్యమాడిరి. బొమ్మ ఫిల్ముమీదను, నాదము మైనపు గొట్టముమీదను వేర్వేరుగా నెక్కెను. 1895లో అమ్మిన కినెటోఫోను పెట్టెలో చూపరులు చెవులకు రబ్బరు గొట్టములఁ దగిలించుకొని పాట వినిరి గాని, ఆ పాటకును బొమ్మ కదలికకును పొత్తు లేకుండెను.

ఎడిసన్ మరల యత్నించి, 1913 ఫిబ్రవరిలో న్యూయార్కు నాటకశాలలయందు క్రొత్త కినెటోఫోనును జూపించెను. ఫోనోగ్రాఫు తెరవెనుక నుండెను. బొమ్మలను జూపు యంత్రము జనులవెనుక నుండెను. కప్పీలమీఁదుగాఁ బోవు పొడవైన పట్టీ రెంటిని గలిపెను. పరిచయచిత్రమున ఒక పెద్దమనుష్యుఁడు పళ్లెమును పగులఁగొట్టఁగా, ఆ క్షణముననే చప్పుడు వినవచ్చుటకు సభవారు విస్మయమొందిరి.

ఆ విస్మయము నిలువలేదు. పట్టీ యించుక జారినను గొంతు తప్పిపోవును. ఫిల్ము తెగి యతికించినపుడు కొన్ని బొమ్మలు పోవును. అప్పుడు చిత్రము ముందుగాఁ బరుగెత్తును, మాట వెనుకఁబడును. పెదవులు మూసికొన్న పిమ్మట మాట వినఁబడిన నవ్వు రాకుండునా? 1914 డిసెంబరు 9వ తేదీని వెస్ట్ ఆరెంజి కర్మాగారమున గొప్ప యగ్నిప్రమాదము సంభవించెను. అరువదియేడేండ్ల యా వృద్ధుఁడు కర్మాగారమును వెంటనే తిరిగి కట్టించెను గాని, 1915లో కినెటోఫోనును విడిచిపెట్టెను.

తరువాత నితరులు ధ్వనిని ఆ ఫిల్ము అంచుననే ముద్రించిరి. ఒక్క పట్టీమీఁద నున్న రెండును ఎడఁబాయుట కవకాశము తగ్గెను. 1931 మార్చిలో బొంబాయి యందు ఆలం ఆరా అను మొదటి భారతీయ వాక్చిత్రము ప్రదర్శింపఁబడెను. ఆ సంవత్సరమే అక్టోబరు 18వ తేదీని ఎడిసన్ పరలోకగతుఁడయ్యెను.

డిక్సను ఫిడేలు మాట యేమయ్యెను? విరిగియున్న యా మైనపు గొట్టమును 1998లో బాగుచేసిరి. 2000లో వాల్టర్ మర్చ్ అను కూర్పరి కమాను కదలికకు స్వరము సరిపడునట్లు రెంటిని గలిపెను. ఆ చిత్రము నిడివి సుమారు పదునేడు సెకనులే. దాని గొంతు దానికిఁ జేరుటకు నూరేండ్లు దాటెను.

ప్రియ విద్యార్థులారా, ఎడిసన్ బొమ్మయు మంచిదే, ధ్వనియు మంచిదే. రెంటిని గట్టిన పట్టీయే బలహీనము. ఆదివారమున మనము పాడు కీర్తనయు, సోమవారమున మన నడతయు ఒక్కటిగా నడుచుచున్నవా యని యెవరికి వారు పరీక్షించుకొందము గాక. తప్పినచో నిరాశపడక, ఆ వృద్ధునివలె మరల పని కుపక్రమింతము.