విద్యుత్తును నిలువ చేసిన శాస్త్రజ్ఞుడు – గాస్టన్ ప్లాంటే

పరీక్షల ముందు రాత్రి కరెంటు పోయినప్పుడు వసతిగృహంలోని విద్యార్థి పూర్వం లాంతరు వత్తి సవరించుకొనేవాడు. నేడు చేతిలో ఇమిడే పవర్ బ్యాంకు కోసం వెదుకుతాడు. కాస్త కలిగిన ఇళ్ళలోనైతే ఇన్వర్టరు తనంతట తానే పని ప్రారంభిస్తుంది. కరెంటు ఉన్నప్పుడు నింపుకొని లేనప్పుడు వాడుకోవడం మనకు నీరు తోడి తొట్టిలో నింపుకొన్నంత సహజంగా తోస్తుంది. కాని 1859వ సంవత్సరానికి పూర్వం ఈ పనికి అక్కరకు వచ్చే సాధనమే ప్రపంచంలో లేదు. దానిని సాధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే పేరు మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యానికి మించి కనిపించదు. వోల్టాను, ఫారడేను, ఎడిసన్‌ను బాగుగా ఎరిగిన విద్యార్థులు సైతం ఇతనిని ఎరుగరు. ఇది న్యాయం కాదు.

ప్లాంటే 1834 ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతి మూలన, పిరెనీస్ పర్వతాల చేరువనున్న ఓర్తెజ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ ప్లాంటే తరువాతి కాలంలో గొప్ప పియానో వాద్యకారుడుగా పేరు పొందాడు. గాస్టన్ పారిస్ నగరంలో విద్యాభ్యాసం పూర్తిచేసి, 1854లో అక్కడి కళాశిల్ప సంగ్రహాలయంలో ఎడ్మండ్ బెకరెల్ అనే భౌతికశాస్త్రాచార్యునికి సహాయకుడుగా చేరాడు. రేడియోధార్మికతను కనిపెట్టిన హెన్రీ బెకరెల్ ఈ ఆచార్యుని కుమారుడే.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే ప్లాంటే పేరు లోకానికి తెలిసింది. అయితే అది విద్యుత్తు వలన కాదు. 1855లో పారిస్ శివారులోని మ్యూడాన్ వద్ద భూమి పొరలలో ఒక బ్రహ్మాండమైన పక్షి యొక్క కాలి ఎముక శిలాజం అతని కంట బడింది. ఎగురలేని ఆ ప్రాచీన పక్షికి శాస్త్రజ్ఞులు అతని పేరు మీదనే గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. ఇరువది యొక్క ఏళ్ళ ప్రాయంలో ఇట్టి కీర్తి దక్కినవాడు శిలాజాల వెంటనే తిరిగి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. అతడు మాత్రం ప్రయోగశాలకే తిరిగి వచ్చాడు.

నాటి విద్యుత్తు పరిస్థితి తెలిస్తేగాని అతని పని విలువ తెలియదు. 1800లో వోల్టా తన ఘటమాలను ప్రకటించిన తరువాత డేనియల్, బున్సెన్ మున్నగువారు దానిని మెరుగు పరచారు. ఇవన్నీ ప్రాథమిక ఘటాలు. వాటిలో జింకు కరగుతున్నంతసేపు విద్యుత్ప్రవాహం వస్తుంది; జింకు అయిపోతే ఘటం పని అయిపోతుంది. పొయ్యిలో కాలిన కట్టె మరల కట్టె కానట్లే ఆ ఘటానికి పునర్జన్మ లేదు. తంతి కార్యాలయాలలో జింకు పలకలు మార్చడం, ఆమ్లం పారబోసి క్రొత్తది పోయడం నిత్యకృత్యంగా ఉండేది.

మరొక వింత కూడ శాస్త్రజ్ఞులకు తెలిసినదే. ఆమ్లజలంలో రెండు లోహపు పలకలు ముంచి, వాటి గుండా కొంతసేపు విద్యుత్తును పంపి, పిమ్మట ఆ విద్యుత్తును తొలగిస్తే, పలకలు తామే స్వల్పకాలం ఎదురు దిశలో ప్రవాహాన్ని ఇస్తాయి. జర్మనీకి చెందిన రిట్టర్ 1803లోనే దీనిని గమనించాడు. కాని అందరికీ అది ఒక చిక్కుగానే కనిపించింది. తంతి పనిచేసేవారికి ఆ ఎదురు ప్రవాహం విసుగు పుట్టించే దోషం. దోషమని అందరూ వదలివేసిన దానినే ప్లాంటే చేరదీశాడు. రాగి, వెండి, తగరం, సీసం, ఇనుము, బంగారం, ప్లాటినం మొదలైన లోహాలను ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షించి, ఏది ఎంత బలమైన ఎదురు ప్రవాహాన్ని ఎంతసేపు ఇస్తుందో కొలిచాడు. ఖరీదైన లోహాలన్నింటినీ వెనుకకు నెట్టి, మెత్తనిది, బరువైనది, చవుకది అయిన సీసం మొదటి స్థానంలో నిలిచింది.

1859లో అతడు తయారుచేసిన ఘటం చూడడానికి ఎంతో సామాన్యం. రెండు పొడవైన సీసపు రేకులు. ఒకదానికొకటి తగులకుండ నడుమ ముదుక గుడ్డ. మొత్తాన్ని చాపవలె చుట్టి, పదింట ఒక వంతు గంధకికామ్లం, అనగా సల్ఫ్యూరిక్ ఆమ్లం, కలిపిన నీటిలో నిలబెట్టాడు. చుట్టడంలోనే ఉన్నది తెలివి. కొద్ది చోటులో ఎక్కువ వైశాల్యం గల పలకలు ఇమిడినందున ఘటంలో నిరోధం తగ్గి, ప్రవాహం బలంగా వచ్చింది. మరుసటి ఏడు, అనగా 1860 మార్చిలో, ఇట్టి ఘటాలు తొమ్మిదింటిని కూర్చి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీ ముందు ప్రదర్శించాడు.

లోపల జరిగేది ఇది. విద్యుత్తు ఎక్కించినప్పుడు ఒక రేకు మీద గోధుమ వన్నె సీసపు డయాక్సైడు ఏర్పడుతుంది. రెండవ రేకు మీద స్పంజి వంటి శుద్ధ సీసం నిలుస్తుంది. వాడుకొనేటప్పుడు రెండూ ఆమ్లంతో కలిసి సీసపు సల్ఫేటుగా మారుతాయి, నీరు పుడుతుంది, ద్రవం పలుచనవుతుంది. తిరిగి విద్యుత్తు ఎక్కిస్తే ఆ సల్ఫేటు విడిపోయి మొదటి స్థితి వస్తుంది. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. అందుకే నేటి కారు బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి, మొత్తం 12 వోల్టులు. బ్యాటరీ దుకాణంలో గాజుగొట్టం ముంచి ద్రవపు సాంద్రత చూచి, ఛార్జి ఎంత ఉన్నదో చెప్పడం కూడ ఈ కారణం చేతనే సాధ్యమవుతున్నది.

అయితే క్రొత్త రేకులలో నిలువ ఉండే విద్యుత్తు అత్యల్పం. రసాయన మార్పు పైపొరకే పరిమితమవుతుంది. ప్లాంటే దీనికి కనుగొన్న ఉపాయం ఓర్పు. ఘటానికి విద్యుత్తు ఎక్కించడం, దింపడం, దిశ మార్చి మరల ఎక్కించడం, కొన్ని దినాలు ఊరక ఉంచడం, ఆ విరామాన్ని క్రమంగా వారాలకు పెంచడం. ఇట్లు మాసాల తరబడి చేస్తే మార్పు లోపలి పొరలకు దిగి, రేకు మెత్తబడి, నిలువ శక్తి పెరుగుతుంది. దీనికి అతడు రూపకల్పన అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. ఫార్మేషన్ అనే ఆ మాటనే నేటికీ బ్యాటరీ కర్మాగారాలలో మొదటి ఛార్జికి వాడుతారు.

ఇక్కడ అతని కథలోని అసలు కష్టం ఉన్నది. తొట్టి తయారైనది గాని, దానిని నింపడానికి బావి లేదు. ప్లాంటే తన ఘటాలను బున్సెన్ ఘటాలతోనే ఛార్జి చేయవలసి వచ్చింది. జింకును కరిగించి పుట్టించిన విద్యుత్తును సీసంలోనికి ఎక్కించి, మరల తీసి వాడుకోవడమేమిటని లోకులు అడిగితే దానికి జవాబు సులభం కాదు. రెండు చిన్న ఘటాల నుండి నెమ్మదిగా వచ్చే విద్యుత్తును కూడబెట్టి ఒక్క పెట్టున బలంగా వదలవచ్చునన్నది మాత్రమే నాటికి దాని ప్రయోజనం. ఇరువది ఏండ్లపాటు ఈ ఆవిష్కరణ ప్రయోగశాలల గడప దాటి ఎక్కువ దూరం పోలేదు.

అట్లని అతడు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. చిన్న ఘటాన్ని ఒక పెట్టెలో అమర్చి, మీట నొక్కగానే సన్నని ప్లాటినం తీగ ఎర్రగా కాలి కొవ్వొత్తిని వెలిగించే సాధనం ఒకటి చేశాడు. దానికి శనిగ్రహం పేరు పెట్టాడు. మన జ్యోతిషంలో శనికి ఇనుము చెల్లుతుంది గాని, అరబ్బీ రసవాదులకు, వారి నుండి నేర్చిన యూరపు రసవాదులకు సీసమే జుహల్ లోహం. చేత పట్టుకొని పోదగిన, మరల మరల నింపుకోదగిన బ్యాటరీ సాధనాలలో బహుశః ఇదే తొలి తరానికి చెందినది. వైద్యులు కూడ దీనిని ఆదరించారు. పారిస్‌లోని యంత్రనిపుణుడు గుస్తావ్ త్రూవే ప్లాంటే ఘటాల సాయంతో నోటి లోపల, గొంతు లోపల వెలుగు చూపే పరికరాన్ని నిర్మించాడు.

1870ల్లో గ్రామ్ డైనమో రావడంతో బావి దొరికింది. ఆవిరి యంత్రంతోనో, చేతితోనో త్రిప్పితే నిరంతరంగా విద్యుత్తు వస్తుంది. చేతి డైనమోతో ఘటాన్ని ఛార్జి చేసి పిడి వదలివేస్తే, ఘటంలోని విద్యుత్తు వెనుకకు వచ్చి అదే డైనమోను అదే దిశలో త్రిప్పడం ప్లాంటే చూశాడు. శ్రమ విద్యుత్తుగా మారి, నిలువ ఉండి, మరల శ్రమగా మారడం కంటి ఎదుట కనబడే ప్రయోగం ఇది. మన కళాశాల ప్రయోగశాలలలో కూడ చేయించదగినది.

1881లో కమీల్ ఫోర్ అనే మరొక ఫ్రెంచి నిపుణుడు సీసపు ఆక్సైడును ముద్దగా పలకలకు పూస్తే మాసాల పని దినాలలో ముగుస్తుందని నిరూపించాడు. ఆ ఏడు వేసవిలో ఛార్జి చేసిన ఫోర్ ఘటాల పెట్టె ఒకటి పారిస్ నుండి గ్లాస్గోలోని విలియం థామ్సన్ వద్దకు చేరింది. తరువాత లార్డ్ కెల్విన్ అయిన మహాశాస్త్రజ్ఞుడు ఇతడే. విద్యుత్తును పెట్టెలో పెట్టి సముద్రం దాటించారని పత్రికలు ఆశ్చర్యపోయాయి. అందులో ఉన్న శక్తిని పది లక్షల అడుగు-పౌండ్లుగా లెక్కించారు. మన ఇంటి మీటరు భాషలో చెప్పాలంటే అది ఒక యూనిట్‌లో మూడవ వంతు కంటె కొంచెం ఎక్కువ. నేటి పదివేల మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 37 వాట్ గంటలు; అట్టివి పది కలిపితే థామ్సన్ పెట్టె అవుతుంది. అదే ఏడు త్రూవే ద్వితీయ ఘటాలు అమర్చిన మూడు చక్రాల బండిని పారిస్ వీధిలో నడిపించాడు. కంపెనీలు వెలిశాయి, వాటాలు అమ్ముడుపోయాయి. ఆ సందడిలో ముందు నిలిచిన పేరు ఫోర్‌ది. అతని మార్గం చురుకైనదే, కాని పునాది ప్లాంటేది.

ప్లాంటే మనస్సు అప్పటికే మరొక వైపు మళ్ళింది. 800 ఘటాలను వరుసగా కలిపి, వాటితో అభ్రకపు పలకల సంగ్రాహకాలను నింపి, మరింత అధిక వోల్టేజిని పుట్టించే యంత్రం నిర్మించాడు. ఆ మెరుపులలో గోళాకారపు పిడుగులకు, ధ్రువకాంతికి పోలికలు వెదికాడు. ఆ ఊహలన్నీ నిలువలేదు గాని, ప్రకృతిలోని ఉరుమును బల్ల మీదికి తెచ్చుకొని చూడాలన్న కుతూహలం మెచ్చదగినది. తన పరిశోధనలను 1879లో గ్రంథంగా ప్రకటించాడు. 1889 మే 21న పారిస్ చెంత బెల్‌వ్యూలో మరణించాడు. అది తాను యౌవనంలో పక్షి శిలాజాన్ని కనుగొన్న మ్యూడాన్‌లోని భాగమే.

పిదప అతని సీసపు పలకలు చేసిన సేవకు అంతు లేదు. 1912లో అమెరికాలో కారుకు విద్యుత్ స్టార్టరు రావడంతో ప్రతి కారులోను సీసపు బ్యాటరీ తప్పనిసరి అయినది. మన రైలు పెట్టెల అడుగున వ్రేలాడే బ్యాటరీ పెట్టెలు ఉన్నందుననే బండి స్టేషనులో నిలిచినా దీపాలు ఆరేవి కావు. ఊరంతా చీకటైనా తీగ టెలిఫోను మ్రోగడానికి కారణం ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల ఘటమాల. తుపాను రాత్రి వైద్యుని పిలువగలిగిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

పవర్ బ్యాంకులో సీసం లేదు, లిథియం ఉన్నది. 1991లో అంగడికి వచ్చిన ఆ జాతి ఘటాలకు ఆద్యులైన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. ధర్మాలు వేరు. సీసపు బ్యాటరీని ఖాళీగా వదలివేస్తే సల్ఫేటు గట్టిపడి చెడిపోతుంది. వాడినా వాడకున్నా నిండుగా ఉంచాలి, శుద్ధజలం తగ్గకుండ చూడాలి, ఛార్జి సమయంలో హైడ్రోజన్ వెలువడుతుంది గనుక గాలి ఆడే చోట ఉంచాలి. లిథియం ఘటానికి వేడి శత్రువు. ఉబ్బినదానిని ఛార్జి చేయరాదు. సీసం విషయంలో మరొక మాట చెప్పక తప్పదు. పాత బ్యాటరీలను పగులగొట్టి పెరళ్ళలో సీసం కరిగించే చోట్ల ఆ పొగ, ధూళి పసిపిల్లల మెదడుకు హాని చేస్తున్నది. పాత బ్యాటరీని అధికృత వ్యాపారికే తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఇందుకే ఉన్నది.

పూత లేని శుద్ధ సీసపు పలకలు నేటికీ మాసిపోలేదు. ప్లాంటే ఘటాలు అనే పేరుతోనే వాటిని తయారుచేస్తున్నారు. బరువు ఎక్కువ, వెల ఎక్కువ, కాని ఇరువది ఏండ్లు మన్నుతాయి. వాటిని ఎక్కువగా కొనేవి విద్యుత్కేంద్రాలు, సబ్‌స్టేషనులు. సరఫరా అంతా స్తంభించినప్పుడు అక్కడి స్విచ్చులను కదలించి, కాపలా దీపాలు వెలిగించి, యంత్రాలను తిరిగి నడుపుటకు కావలసిన తొలి విద్యుత్తు ఆ గదిలో వరుసగా నిలిచిన ఘటాల నుండే వస్తుంది.