హరిసింగ్ నల్వా: నేను కొట్టేసిన ఒక లైన్



హరిసింగ్ నల్వా వీడియోకి స్క్రిప్ట్ రాస్తూ మొదటి లైన్ ఏం పెట్టానో చెప్పనా? ఆయనంటే భయంతో పఠాన్ మగవాళ్లు ఆడవాళ్ల సల్వార్ తొడుక్కున్నారని. ఈ మాట మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. రికార్డింగ్‌కి ముందు రోజు రాత్రి ఆ లైన్ కొట్టేశాను. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆయన కథ తెలియాలి.

నల్వా 1791లో గుజ్రాన్‌వాలాలో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. కుర్రవాడిగా ఉండగానే మహారాజా రంజిత్ సింగ్ కొలువులో చేరారు. వేటలో మీద పడ్డ పులిని చంపినందుకే నల్వా అనే పేరొచ్చిందంటారు. మన నలమహారాజుతో పోల్చి ఆ పేరు పెట్టారనేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా సరే, ఆ తర్వాతి కథకి పులి సాయం అక్కర్లేదు.

1818లో ముల్తాన్, 1819లో కశ్మీర్, 1823లో నౌషేరా, 1834లో పెషావర్. వీటన్నిటిలోనూ ఆయన ఉన్నారు. కశ్మీర్‌కి గవర్నర్‌గా చేశారు. హజారాలో హరిపూర్ పట్నం కట్టించారు. ఇవాళ అది పాకిస్తాన్‌లో ఉంది, పేరు మాత్రం మారలేదు. అదే హజారాలో తిరుగుబాట్లను చాలా కఠినంగా అణచారు. అదీ చెప్పుకోవాలి కదా.

1836లో ఖైబర్ కనుమ ముందు జమ్రూద్‌లో కోట కట్టించారు. మరుసటి ఏడు రంజిత్ సింగ్ మనవడు నౌనిహాల్ సింగ్ పెళ్లి. ఆ వేడుకకి సైన్యంలో చాలామంది లాహోర్ వైపు వెళ్లారు. అదను చూసి కాబూల్ అమీర్ దోస్త్ మొహమ్మద్ సైన్యం జమ్రూద్ మీద పడింది. నల్వా పెషావర్ నుంచి వచ్చి తలపడ్డారు. ఆ పోరులో గాయపడి 1837 ఏప్రిల్ 30న కన్నుమూశారు. సాయం వచ్చేదాకా ఆ మరణం బయటికి పొక్కనివ్వలేదని కథ. కోట మాత్రం చేజారలేదు. అఫ్ఘన్ సైన్యం వెనుదిరిగింది. అయినా గెలుపు తమదేనని అఫ్ఘన్లు అంటారు. ఆ యుద్ధంలో వాళ్ల వీరుడు అమీర్ కొడుకు అక్బర్ ఖాన్.

ఇప్పుడు సల్వార్ సంగతి. అది ఆ ప్రాంతంలో ఆడా మగా ఇద్దరూ వేసుకునే బట్ట. నల్వా పుట్టకముందు నుంచీ ఉన్నదే. పైగా, అవతలివాళ్లు అంత పిరికివాళ్లే అయితే కనుమ ముందు కోట ఎందుకు? నల్వా అంతటివాడు అక్కడ ప్రాణం ఎందుకు పెట్టాల్సి వచ్చింది?

వాల్మీకి రావణుణ్ణి పిరికివాడిగా చూపించలేదు. మహావీరుడిగా, పండితుడిగా చూపించారు. అందుకే రాముడి గెలుపుకి అంత బరువు. శత్రువుని తేలిక చేస్తే మన వీరుడే తేలికైపోతాడు. నేను రాసిన ఆ ఒక్క లైన్ చేసింది అదే.

అందుకే వీడియోలో అది వినబడదు. మీకు ఎవరైనా మళ్లీ పంపితే, ముందుకు పంపకుండా జమ్రూద్ కథ చెప్పండి.